సోనాపూర్‌లో పైసలు పంపే కౌంటర్: నాలుగేండ్లు వాడినంక రాస్తున్న

మా క్యాంపు గేటు దాటి ఎడమకు తిరిగితే సూపర్ మార్కెట్, దాని పక్కన కటింగ్ షాపు, ఆ పక్కన ఈ ఎక్స్చేంజ్. దుబాయ్ సర్కారు కాగితాల్లో ఈ ఏరియా పేరు ముహైస్నా 2. ఇక్కడ ఉండే కూలోళ్లందరికీ మాత్రం సోనాపూర్. పైసలు పంపే దుకాణాలు ఇక్కడ చాలనే ఉన్నయి. నేను 2021 నుంచి ఈ ఒక్కదానికే పోతున్న. ఐదు స్టార్లకు నాలుగు ఇస్తున్న. ఒకటి ఎందుకు తగ్గించిన్నో తర్వాత చెప్త. నాలుగు ఎందుకు ఇచ్చిన్నో చెప్పాలంటే మాత్రం అంతకుముందు ఐదేండ్లు నేను ఇంటికి పైసలు ఎట్ల పంపిన్నో చెప్పాలె. అప్పుడు నేను కల్లివెల్లి. తెలియనోళ్ల కోసం చెప్తున్న, వీసా లేకుండ, కాగితాలు లేకుండ దాక్కొని పని చేసేటోన్ని గల్ఫ్‌లో మనోళ్లు పిలిచే పేరు అది.

ముందు కౌంటర్ సంగతి. పొద్దున ఎనిమిదింటికి తెరుస్తరు, రాత్రి పది దాకా ఉంటది. లోపలికి పోంగనే టోకెన్ మిషన్. ఆరు కిటికీలు ఉన్నయి కని మామూలు రోజుల్లో మూడే నడుస్తయి. నెల మొదటి పది రోజుల్లో జీతాలు పడ్తయి కాబట్టి ఆదివారం సాయంత్రం పోతే గంటన్నర నిలబడాలె. నేను నైట్ డ్యూటీ దిగి, స్నానం చేసి, ఎనిమిదిన్నరకు పోత. పది నిమిషాల్లో పని అయిపోతది. ఎమిరేట్స్ ఐడీ ఇస్తే ఇదివరకు మనం ఎవరెవరికి పంపినమో ఆ పేర్లన్నీ వాళ్ల కంప్యూటర్లో వస్తయి. ఏ పేరుకు, ఎంత అని అడుగుతరు. పైసలు లెక్కబెట్టుకునే ముందే ఇవ్వాల్టి రేటు ఇంత, ఇంటికి ఇన్ని రూపాయలు చేరుతయి అని మన దిక్కు తిప్పిన చిన్న తెర మీద చూపెడ్తరు. సరే అంటెనే తీసుకుంటరు.

పోయిన నెల పంపిన దాని రసీదు నా ముందట ఉంది. 1,150 దిర్హాములు, రేటు 23.40, ఇంటికి 26,910 రూపాయలు. ఫీజు 23 దిర్హాములు, దాని మీద వ్యాట్ 1.15. ఆ రోజు బయట రేటు 23.60 ఉండె, అంటే దిర్హాముకు 20 పైసలు వాళ్లు మిగుల్చుకున్నరు. ఫీజు, రేటులో తేడా రెండూ కలిపితే నాకు పడ్డ ఖర్చు 800 రూపాయల దాకా. నూటికి మూడు రూపాయలు కూడ కాలే. అదే 500 దిర్హాములు పంపితే ఫీజు అంతే ఉంటది కాబట్టి నూటికి ఐదు దాటుతది. అందుకే కొత్తగా వచ్చిన పిల్లలకు చెప్త, నెలకు రెండుసార్లు పంపకుండ్రి, ఒక్కసారే పంపుండ్రి అని. ప్రపంచం మొత్తం మీద 200 డాలర్లు పంపడానికి సగటున నూటికి ఆరుకు పైనే ఖర్చవుతదని ప్రపంచ బ్యాంకు లెక్క. 2030 కల్లా దాన్ని మూడు లోపలికి తేవాలని ఐక్యరాజ్య సమితి లక్ష్యం పెట్టుకుంది. ఆ లెక్కన మా సోనాపూర్ కౌంటర్ నయమే. పైసలు పన్నెండు నిమిషాల్లో మా ఆమె అకౌంట్లో పడ్డయి. మెసేజ్ చూసి ఆమె ఫోన్ చేసేటప్పటికి నేనింకా సూపర్ మార్కెట్లో ఉల్లిగడ్డలు ఏరుకుంటున్న.

ఆ రసీదులో ఇంకొక గీత ఉంటది. పైసలు ఎందుకు పంపుతున్నవ్ అని. 2021లో మొదటిసారి కిటికీ వెనకున్న అమ్మాయి హిందీలో ఆ మాట అడిగితే నాకు వెంటనే జవాబు రాలే. ఐదేండ్లు పంపిన, ఎవ్వరూ అడగలే. "ఇంటి ఖర్చుకు" అన్న. ఆమె అదే కొట్టింది. నా పేరు, నా ఐడీ నంబరు, మా ఆమె పేరు, కింద కుటుంబ పోషణ అని ఇంగ్లీషులో. ఆ కాగితం నేను మడవకుండ క్యాంపు దాకా పట్టుకచ్చిన.

ఇంక ఎనుకటి సంగతి. 2013లో మాది కరీంనగర్ జిల్లా, ఇప్పుడు జగిత్యాల జిల్లా. రెండెకరాల భూమి, ఎండిపోయిన రెండు బోర్లు, చెల్లె పెండ్లి అప్పు. మా దిక్కు పట్నంలో లైసెన్సు లేని ఒక ఏజెంటు కంపెనీ వీసా అని చెప్పి 1,20,000 రూపాయలు తీసుకున్నడు. మూడు రూపాయల మిత్తికి తెచ్చి కట్టిన. నా చేతిలో పెట్టింది విజిట్ వీసా. అది నాకు షార్జాలో దిగినంక తెలిసింది. వీసా మార్పిస్తమని అక్కడి మనిషి పాస్‌పోర్టు తీసుకున్నడు, మళ్లా కనపడలే. గడువు అయిపోయింది. నేను కల్లివెల్లి అయిన.

అప్పుడు నెలకు 3,600 రూపాయలు ఒట్టి మిత్తే. అప్పటి రేటుకు 220 దిర్హాములు. పని దొరికిన రోజు 70 దిర్హాములు ఇచ్చేటోళ్లు. ఇనడానికి కంపెనీ జీతం కంటే నయమే అనిపిస్తది. కని నెలల పదిహేను, పద్దెనిమిది రోజులే పని. రూము కిరాయి మనదే, తిండి మనదే, జరమొస్తే గోలీలు మనవే. ఒక కాంట్రాక్టర్ 42 రోజుల కూలి ఎగ్గొట్టిండు. యూఏఈలో 2009 నుంచే జీతాలు బ్యాంకు దారిలో వెయ్యాలని చట్టం ఉంది. కంపెనీ వెయ్యకపోతే సర్కారుకే తెలుస్తది. ఆ లెక్కలో పేరే లేనోడు ఎక్కడికి పోయి చెప్పుకోవాలె?

పైసలు పంపడానికి నాకు రెండే దార్లు ఉండె. ఒకటి, రూములో ఐడీ ఉన్న తమ్మున్ని బతిమాలి వాని పేరు మీద పంపుడు. పంపిండు పాపం, నాలుగు నెలలు. మా ఆమె అకౌంట్లో ప్రతి నెలా ఎవరిదో పేరు మీద పైసలు పడుతుంటే ఊర్లో పాస్‌బుక్కు కొట్టించే కాడ వెనక నిలబడ్డోళ్లు చూసిన్రు. మాటలు అన్నరు. ఆమె నాకు ఏం చెప్పలే, బ్యాంకుకు పోవుడే బంద్ చేసింది. సంగతి నాకు మా అవ్వ చెప్పింది.

రెండోది హుండీ, అంటే బ్యాంకు లేకుండ, లైసెన్సు లేకుండ చేతులు మార్చి పైసలు పంపే దందా. దాని గురించి కూడ నిజమే రాయాలె, ఇది రివ్యూ కాబట్టి. రేటు హుండీలోనే ఎక్కువ వచ్చేది. ఎక్స్చేంజ్‌లో 16.45 ఉంటే వాడు 16.70 ఇచ్చేటోడు. ఫీజు లేదు, ఫారం లేదు, ఐడీ అడగడు. పైసలు మరునాడు పొద్దుగాల్ల ఇంటి ముందట. అయితే చెకింగ్ భయానికి నేను పనికి తప్ప రూము దాటి పోయేటోన్ని కాదు, ఇంకొకని చేతికి ఇచ్చి పంపాలె, వానికి ప్రతిసారి 20 దిర్హాములు. రేటులో వచ్చిన లాభం అక్కడికక్కడే సగానికి పైన పోయేది.

అది ఎట్ల నడుస్తదో చూసినోళ్లకే తెలుసు. మా ఆమె ఇంట్లో ఉన్న పది రూపాయల నోటు ఒకటి తీసి దాని మీది నంబరు నాకు ఫోన్లో చదివేది. అక్షరాలు, అంకెలు, మళ్లొకసారి. ఆ నంబరు నేను ఇక్కడ హుండీ మనిషికి చెప్పాలె. మరునాడు కోరుట్ల నుంచి బండి మీద ఒక పిల్లగాడు వస్తడు, బండి దిగడు. నోటు అడుగుతడు, నంబరు చూసుకుంటడు, పైసలు ఇస్తడు, ఆ పది నోటు జేబులో పెట్టుకొని పోతడు. మాకున్న రసీదు అదొక్కటే. అది కూడ వాడే తీసుకపోతడు.

2016 నవంబర్ 8న పెద్ద నోట్లు రద్దయినయి. ఆ తర్వాత రెండు నెలలు పిల్లగాడు రాలే. మా ఆమె బీడీలు చుట్టిన పైసలతోనే ఇల్లు నడిచింది, పిల్లల ఫీజు ఆగింది. 2017లో ఒకసారి 1,800 దిర్హాములు ఇచ్చిన, 31,000 రూపాయల పైచిలుకు. నంబరు చెప్పిన, నోటు ఇంట్లో రెడీగా ఉంది, ఎవ్వరూ రాలే. వారం దినాలకు ఇక్కడ ఆ దుకాణానికి తాళం పడ్డది. పోలీసు ఠాణా మా రూముకు నడిచే అంత దూరంలోనే ఉండె. నేను పోలే. పోతే ముందు నన్నే లోపలేస్తరు. ఆ పది రూపాయల నోటు మా ఆమె ఇప్పటికీ దేవుని పటం వెనక పెట్టింది.

మన దేశానికి ఏం నష్టం అని కొందరు అడుగుతరు, ఎట్లనో అట్ల పైసలు ఊరికి వచ్చినయి కదా అని. నాకు ఆలస్యంగా సమజైంది. హుండీలో నా దిర్హాములు దుబాయ్ దాటవు. వాటిని ఇక్కడనే ఇంకెవడో వాడుకుంటడు, బంగారం దొంగతనంగా తెచ్చేటోడు గావచ్చు, లెక్క చూపని వ్యాపారం చేసేటోడు గావచ్చు. కోరుట్ల నుంచి మా ఇంటికి వచ్చేది వాని లెక్కలో చూపని రూపాయలు. నేను ఎండలో నిలబడి సంపాదించిన విదేశీ మారకం మన దేశం ముఖమే చూడలే. మన దగ్గర విదేశీ మారకం మీద ఉన్న ఫెమా చట్టానికి అది విరుద్ధం అని కూడ నాకు అప్పుడు తెల్వదు. రిజర్వ్ బ్యాంక్ సర్వే ప్రకారం 2023-24లో విదేశాల నుంచి మన దేశానికి వచ్చిన పైసల్లో అమెరికా వాటా 27.7 శాతం, యూఏఈ వాటా 19.2. రాష్ట్రాల్లో తెలంగాణకు వచ్చింది 8.1 శాతం. అందులో సాఫ్ట్‌వేరోళ్ల పైసలు ఎన్నో, మా అసోంటోళ్లవి ఎన్నో నేను చెప్పలేను. హుండీలో పోయినవి మాత్రం ఏ లెక్కలోకి ఎక్కయి, అది ఖాయం. నా ఐదేండ్ల కష్టం ఏ లెక్కలో లేదు.

2018 ఆగస్టు 1న యూఏఈలో వీసా లేనోళ్లకు క్షమాభిక్ష పెట్టిన్రు, పొడిగించుకుంట డిసెంబర్ 31 దాకా నడిపిన్రు. నేను మన కాన్సులేటుకు పోయి ఔట్‌పాస్, అంటే పాస్‌పోర్టు లేనోళ్లు ఇంటికి పోనీకి ఇచ్చే కాగితం తీసుకొని, దుబాయ్ అల్ అవీర్‌లోని ఇమ్మిగ్రేషన్ ఆఫీసు కాడ వరుసలో నిలబడి, నవంబర్‌లో ఇంటికి పోయిన. మా ఆమె నోటుబుక్కులో రాసిపెట్టిన లెక్క చూస్తే ఐదేండ్లలో ఇంటికి చేరింది 8,60,000 రూపాయలు. ఏజెంటుకు కట్టిన అప్పు, మిత్తి కలిపి రెండు లక్షల ముప్పై వేలు. చెల్లె పెండ్లి అప్పు రెండున్నర లక్షలు. రెండు అర్రలకు స్లాబు. మిగిలింది తిండి. ఐదేండ్లయినంక నేను మళ్లా ఎండిన బోరు కాడ నిలబడ్డ.

మా దిక్కు పసుపు పండిస్తరు. తవ్వినంక ఉడకబెట్టాలె, దానికి ట్రాక్టరుకు కట్టుకొని పొలం కాడికి తీసుకపోయే బాయిలర్లు ఉంటయి, కిరాయికి తిప్పుతరు. అది ఒకటి కొందామని 2019లో బ్యాంకుకు పోయిన. మేనేజర్ మంచిగనే మాట్లాడిండు. "ఐదేండ్లు దుబాయ్‌లో ఉన్ననంటున్నవ్, పైసలు వచ్చినట్టు ఏమన్న కాగితం ఉందా?" అని అడిగిండు. నోటుబుక్కు చూపించిన. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి మెల్లగ నా చేతిలో పెట్టిండు. ఎనిమిదిన్నర లక్షలు మా ఇంట్లోకి వచ్చినయంటే నమ్మడానికి నా నోటి మాట తప్ప ఏం లేదు. ఆ రోజు నాకు ఏజెంటు మీద కంటే, ఎగ్గొట్టిన కాంట్రాక్టర్ మీద కంటే, ఆ పది రూపాయల నోట్ల మీద ఎక్కువ కోపమొచ్చింది.

2021లో మళ్లా వచ్చిన. ఈసారి లైసెన్సు ఉన్న ఏజెన్సీ, మన సర్కారు వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో రిజిస్ట్రేషన్, 30,000 రూపాయల ఫీజు, మీద జీఎస్టీ, అన్నిటికీ రసీదు. చట్టం ప్రకారం అంతకంటే ఎక్కువ తీసుకోవద్దు. ఈ సంగతి మా ఊర్లో ఇప్పటికీ సగం మందికి తెల్వదు. ప్రవాసీ భారతీయ బీమా రెండేండ్లకు 275 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే ఇంటోళ్లకు పది లక్షలు. మెయింటెనెన్స్ కంపెనీలో 1,400 దిర్హాముల జీతం, కార్డుల పడ్తది. పంపేది ఎనుకటి కంటే మరీ ఎక్కువేం కాదు. కని ప్రతి నెలా అదే కౌంటర్ నుంచి, అదే పేరు మీద, అదే అకౌంటుకు. 2023లో మా ఆమె ఒక్కతే అదే బ్యాంకుకు పోయింది. మేనేజర్ మారిండు. ఆమె పాస్‌బుక్కు ముందట పెట్టింది, వరుసగా 26 నెలలు నా పేరు. 1,80,000 రూపాయల లోను వచ్చింది. మిగతాది మేము వేసుకొని బాయిలర్ తెచ్చినం. పసుపు సీజన్లో మూడు నెలలు నలుగురికి పని. మూడు నెలలే, ఎక్కువ చేసి చెప్పను. మిగతా తొమ్మిది నెలలు రేకుల షెడ్డు కింద ఉంటది. అయినా మా ఊర్లో గల్ఫ్ పైసలతో కట్టిన డాబాలు ఎన్ని ఉన్నయో లెక్కపెట్టి, గల్ఫ్ పైసలతో ఇంకొకరికి పని దొరికేవి ఎన్ని ఉన్నయో లెక్కపెట్టుండ్రి. మా దిక్కు ముత్యంపేట షుగర్ ఫ్యాక్టరీని 2015 డిసెంబర్‌లో మూసిన్రు. చెరుకు రైతులు, ఫ్యాక్టరీ కూలోళ్లు, లారీలోళ్లు, దాని మీద బతికినోళ్లు ఎంతమంది పాస్‌పోర్టులు తీసుకున్నరో ఇంటికి పోయినంక నాకు తెలిసింది. ఊర్లో పని లేకనే ఇక్కడికి వస్తున్నం. ఇక్కడ కాగితాలు లేకుంటే మనం పంపే పైసలు ఊర్లో పని పుట్టించేటంత బలంగా చేరయి.

ఇప్పుడు కోసుకున్న స్టారు సంగతి. మన తెలుగోళ్ల పేర్లతో ఈ కౌంటర్లో పెద్ద తిప్పలు. పాస్‌బుక్కులో మా ఆమె ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, ఆధార్‌లో పూర్తిగా ఉంది. కిటికీలో మనిషి ఆధార్ చూసి కొట్టిండు. పైసలు పోయినయి, నాలుగు రోజులకు వెనక్కి వచ్చినయి. మళ్లా పంపితే మళ్లా అంతే. రెండోసారి ఫీజు తిరిగి ఇయ్యలే. తప్పు మీది కదా అంటే, ఫారం మీద సంతకం నీదే కదా అన్నరు. ఆ ఫారం ఇంగ్లీషు, అరబ్బీలోనే ఉంది. మీరు పోయేటప్పుడు పాస్‌బుక్కు మొదటి పేజీ ఫోటో తీసుకపోండి, అందులో ఎట్లుంటే అట్లనే కొట్టమనుండ్రి, చుక్క కూడ మార్చొద్దని చెప్పుండ్రి.

ఇంకొకటి, యాప్. రేటు పెరిగితే మెసేజ్ వస్తది, రూములో పండుకొనే పంపొచ్చు, మంచిగుంది. కని ఐడీ గడువు దాటిన తెల్లారే అది తాళం పడ్తది. పోయినేడు మా కంపెనీ నా ఐడీ రెన్యూవల్ 20 రోజులు ఆలస్యం చేసింది. తప్పు నాది కాదు, కౌంటర్లో కూడ తీసుకోలే. ఆ 20 రోజులు నాకు నిద్ర పట్టలే. ఇంట్లో లోను కిస్తీ తారీఖు దగ్గరికొచ్చింది. రూములో ఒకాయన హుండీ నంబరు ఇచ్చిండు, మంచి మనసుతోనే ఇచ్చిండు. తీసుకోలే. మా ఆమె తన బీడీ పైసలతో, మా బాపు పింఛన్‌తో ఆ కిస్తీ కట్టింది. గడువు దాటినంక రెన్యూవల్ అయ్యే దాకా పాత అకౌంటుకు పంపనిచ్చే సౌలతు ఉంటే బాగుండు. నా అసోంటోడు ఒక్కసారి కాగితం తప్పితే మళ్లా చీకటి దారిలోకే పోతడు, ఆ దారి మూలమలుపుల మనిషి ఎప్పుడూ కాసుకొనే ఉంటడు.

ఇది చదువుతున్నోళ్లలో కల్లివెల్లి అన్నదమ్ములు ఉంటే, 2024 సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 దాకా ఇచ్చిన క్షమాభిక్ష అయిపోయింది, తెలుసు. అట్లని ఊకోకుండ్రి. దుబాయ్‌లో మన కాన్సులేటు వాళ్ల ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది, 800 46342కు ఫోన్ చేస్తే పైసలు పడవు. పేరు చెప్పుడు భయమైతే ఊకె అడిగి తెలుసుకోండి. గడువు దాటిన ప్రతి రోజుకు 50 దిర్హాముల జరిమానా పెరుగుతనే ఉంటది. నేను ఐదేండ్లు భయపడి కూసున్న, ఆ భయానికి కట్టిన ఖరీదు పైన రాసిన.

కౌంటర్ మేనేజర్ గారికి ఒక మాట. మీ గోడ మీద రేటు బోర్డు కింద హిందీ, మలయాళం, బెంగాలీల రాసిన కాగితాలు ఉన్నయి. ఫీజు ఎంత, పాస్‌బుక్కులో పేరు ఎట్ల చూసుకోవాలె, పైసలు వెనక్కి వస్తే ఏం చెయ్యాలె అని. తెలుగుల లేదు. సాయంత్రం షిఫ్టులో నిజామాబాద్ పిల్లగాడు ఒకడు మీ దగ్గరనే పని చేస్తడు, అడిగితే గంటల రాసిస్తడు. పోయిన ఆదివారం మా క్యాంపులో కొత్తగా దిగిన ముగ్గురు పిల్లలు మీ తలుపు దాకా వచ్చి, లోపల వరుస చూసి, ఆ ఫారం చూసి వెనక్కి తిరిగిన్రు. సూపర్ మార్కెట్ ముందట ఒకాయన వాళ్లను పలకరించిండు. నేను ఉరికి పోయి వాళ్లను మీ కాడికే పట్టుకచ్చిన, నాకు డ్యూటీ లేదు కాబట్టి సరిపోయింది.